ఫలాపేక్ష యెవరిది?

ఆడుట బాలస్వభావము, గెలువగోరుట మానవస్వభావము. ఈ రెండు స్వభావములును ఒక బాలునియందు తొలిసారి కలిసినపుడు వాని కన్నులలో కానవచ్చెడి వెలుగును చూచి మురియని తల్లిదండ్రులు లేరు. అయితే ఎనిమిదేండ్ల ప్రాయమున బడినుండి వచ్చిన తోడనే పుస్తకాల సంచి మూలకు విసరివైచి రాకెట్టు చేతబట్టి పరుగిడిన ఆ పిల్లవాడే, పదునారేండ్ల ప్రాయమున, తెల్లవారుజామున నాలుగున్నరకు తల్లి లేపగా మంచముమీదనే కూర్చుండి, బూటులేసు ముడి వేసి విప్పుచు, ఈ మోకాలినొప్పి కొంచెము హెచ్చినయెడల నేడు పోనక్కరలేదు గదా యని లోలోపల కోరుకొనుచుండుట మన నగరములలో ఇప్పుడు అరుదైన విషయము కాదు. వాని కండలు తరుగలేదు, నేర్పు తగ్గలేదు. నిరుటికంటె ర్యాంకింగు మెరుగుపడియును ఉండవచ్చును. తరిగినది కోరిక. కోరికయే సర్వదుఃఖములకును మూలమని బోధించిన దర్శనములు పుట్టిన దేశమున, కోరిక నశించుటయే దుఃఖముగా పరిణమించిన ఈ బాలునికి మనము చెప్పదగిన సమాధానమేమి? ఇది వైద్యులకును కోచులకును మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. ధర్మవిచారమునకు చెందిన ప్రశ్న.

పాశ్చాత్యులు ఈ స్థితిని శాస్త్రీయముగా పరిశీలింప నారంభించి అర్ధశతాబ్దమైనది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అను మనస్తత్త్వవేత్త న్యూయార్కునందలి ఉచిత వైద్యశాలలో పనిచేయుచు, తన సహచరులలో అందరికంటె ఎక్కువ అంకితభావము కలవారే అందరికంటె ముందుగా నిస్సత్తువ పాలగుచుండుట గమనించి, 1974లో దానికి ‘బర్నౌట్’ అని పేరిడి వ్యాసము వ్రాసెను. తరువాతి పరిశోధకులు క్రీడాకారులయందు దీని లక్షణములు మూడని నిర్ణయించిరి: శరీరమును మనస్సును విడువని అలసట, ఎంత సాధించినను ఏమియు సాధింపలేదను భావము, ఒకనాడు ప్రాణప్రదమైన ఆటయే విలువలేనిదిగా తోచుట. మొదటిది నిద్రతోను విశ్రాంతితోను కొంతవరకు తీరవచ్చును. తక్కిన రెండును నిద్రతో తీరవు. ఏలయన అవి దేహమునకు చెందినవి కావు, మనము దేనికై ఈ శ్రమ పడుచున్నామను ప్రశ్నకు సమాధానము దొరకని మనస్సునకు చెందినవి. ఆట యెడల మొదటినుండియు అంటీ ముట్టకున్నవానికి ఈ బాధ కలుగదు. సర్వస్వమును అర్పించినవానికే కలుగును. కావున దీనిని సోమరితనమని నిందించుట అజ్ఞానము.

ఇట్టి బాలునికి మన పెద్దలు తరచుగా చెప్పెడి ఓదార్పు నిష్కామకర్మోపదేశము. “ఫలితము మన చేతిలో లేదు నాయనా! నీ ఆట నీవు ఆడు, తక్కినది దేవుడు చూచుకొనును” అని తండ్రి చెప్పును, చెప్పుచునే, తరువాతి రౌండులో ప్రత్యర్థి యెవ్వడో, వాని ర్యాంకెంతయో, వాడు క్రిందటి నెలలో ఎవ్వరిని ఓడించెనో తన ఫోనులో వెదకుచుండును. పిల్లలు మన మాటలకంటె మన వ్రేళ్ళను ఎక్కువ శ్రద్ధగా గమనింతురు. అందుచే వానికి ఉపదేశము తలకెక్కదు, పైగా ఒక న్యాయమైన సందేహము కలుగును: “ఫలముతో పనిలేనిచో పాయింట్లు లెక్కించుట యెందుకు?” ఈ ప్రశ్నను దాటవేసి గీతను ఎన్నిమార్లు వల్లించినను ప్రయోజనము లేదు.

విలుకాడు గురిచూడక బాణము విడువడు. గెలువవలెనను సంకల్పమే లేక కోర్టులో దిగినవాడు ఆటను మాత్రమే కాక, తనతో ఆడవచ్చినవానిని కూడ అవమానించినవాడగును. కర్మయందలి కౌశలమే యోగమని చెప్పిన గీత గురిలేని కర్మను బోధించుచున్నదనుకొనుట పొరపాటు. లక్ష్యము కర్మకు లోపలిది. ఫలము కర్మకు వెలుపలిది. షటిల్ వలను అంగుళము పైగా దాటి ఆవలివాని ఎడమ ప్రక్కన గీత నంటి పడవలెననుట లక్ష్యము. ఆ దెబ్బతో పాయింటు, ఆ పాయింటుతో మ్యాచి, ఆ మ్యాచితో రాష్ట్ర జట్టులో చోటు, ఆ చోటుతో స్పోర్ట్స్ కోటాలో సీటు, ఆ సీటుతో బంధువులలో గౌరవము — ఇది ఫలపరంపర. మొదటిదానియందు మనస్సు నిలిపినవాడు ఆటలో ఉన్నాడు. రెండవదానియందు నిలిపినవాని దేహము మాత్రమే కోర్టులో ఉన్నది. మనస్సు ఇంకను జరుగని పది సంగతుల నడుమ పరుగులిడుచున్నది. ఆ పరుగునకు విరామము లేదు గనుకనే ఆ అలసటకు అంతము లేదు.

గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్తలను మూడు తెగలుగా విభజించిన ఘట్టము యువక్రీడాకారుల విషయమున విశేషముగా మననము చేయదగినది. అచ్చట సాత్త్వికకర్తకు చెప్పిన లక్షణములలో సంగరాహిత్యమును సిద్ధ్యసిద్ధులయందు నిర్వికారతయు ఉన్నట్లే, ధృతియు ఉత్సాహమును కూడ ఉన్నవి. అనగా నిష్కాముడు నీరసుడు కాడు. కోరిక తగ్గినకొలది పని చల్లబడునని మనమనుకొనుట శాస్త్రసమ్మతము కాదు. రాజసకర్తకు ఫలలోభముతోపాటు హింసాస్వభావమును, హర్షశోకముల నడుమ ఊగులాటయు చెప్పబడినవి. ఆ హింసకు మొదట గురియగునది సాధారణముగా వాని దేహమే. మన ఆలంకారికులును వీరరసమునకు ఉత్సాహమును స్థాయిభావముగా నిరూపించిరి గాని విజయమును కాదు. అందుచేతనే ఓడినవాడును వీరుడు కాగలుగుచున్నాడు.

ఆధునిక పరిశీలనలు కూడ ఈ భేదమును మరియొక మార్గమున సమర్థించుచున్నవి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను మువ్వురు పరిశోధకులు బొమ్మలు వేయుటయందు సహజముగా ఇష్టముగల చిన్నపిల్లలను కొందరిని ఎన్నుకొని, “బొమ్మలు వేసినయెడల బంగారు ముద్రయు రిబ్బనును గల ప్రశంసాపత్రమిత్తుము” అని ముందుగా చెప్పి బొమ్మలు వేయించిరి, ఇచ్చిరి. కొన్నిదినముల తరువాత ఎవ్వరును అడుగకయే రంగులు ముందుంచగా, బహుమానము కొరకు వేసిన ఆ పిల్లలు, బహుమానము మాట ఎరుగని పిల్లలు వేసినదానిలో సగముసేపు మాత్రమే బొమ్మలు వేసిరి. వారికి నేర్పు పోలేదు, ఇష్టము పోయినది. ఫలము చూపి కర్మను పెంచబూనినవారు కర్మయందలి సహజప్రీతినే తరుగజేయుచున్నారన్నమాట.

ఇచ్చట కఠినశిక్షావాదులు ఒక ఆక్షేపణ చేయుదురు: “మెత్తని మాటలతో విజేతలు తయారు కారు, తెల్లవారుజామున లేవనివాడు, ఇష్టమైనవి మాననివాడు పతకము చూడడు.” నిజమే. రియో ఒలింపిక్సునకు ముందు మూడు నెలలపాటు బాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధుచేతిలో ఫోను ఉండనీయలేదు. ఐస్‌క్రీము కూడ తిననీయలేదు. కాని ఆ కఠినత ఏ పునాదిపై నిలిచినదో కూడ చూడవలెను. సింధు తల్లిదండ్రులిరువురును వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ ఆ ఆటకే అర్జున పురస్కారము పొందినవాడు. పొడగరియైన కుమార్తెచే తమ ఆటనే ఆడింపవలెనని వారు తలంచియుండినయెడల లోకము తప్పుపట్టియుండదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్‌ను ఆదర్శముగా గైకొని ఆమె బాడ్మింటన్ పట్టినది; వారు తమ ఆటను ప్రక్కనుంచి, ఆమె ఆట కొరకు సికింద్రాబాదునుండి గచ్చిబౌలివరకు దినదినమును దూరాభారము సహించిరి. పిమ్మట ఆమె 2016లో రియో ఫైనలులోను, 2017లో గ్లాస్గోలో ప్రపంచ పోటీల ఫైనలున నూటపది నిమిషములు పోరాడి మూడవ గేములో 20-22తోను, 2018లో నాన్‌జింగ్‌లోను వరుసగా ఓడెను. ఫైనలన్న ఆమెకు భయమని లోకము చెవులు కొరుకుకొనెను. 2019లో బాసెల్ నగరమున, గ్లాస్గోలో తన్ను ఓడించిన ఒకుహారనే 21-7, 21-7తో గెలిచి ఆమె ప్రపంచ విజేత యయ్యెను. పరాజయమే నిర్వేదమునకు కారణమైనచో ఈ చరిత్ర ఇట్లుండదు. తాను కోరిన మార్గమున కలిగిన ఓటమి మనుష్యుని అలసింపజేయునే గాని ఆర్పివేయదు.

దీనికి ప్రతిముఖమైన ఉదాహరణము అమెరికా టెన్నిస్ వీరుడు ఆండ్రీ అగస్సీ. ఇరాను దేశము పక్షమున ఒలింపిక్సులో ముష్టియుద్ధము చేసిన అతని తండ్రి, కొడుకునకు ఏడేండ్లు నిండిననాటికే బంతులు విసరు యంత్రమునకు ఎదురుగా వానిని నిలిపి, దినమునకు 2500 బంతులు కొట్టినచో సంవత్సరమునకు దాదాపు పదిలక్షలగునని లెక్కకట్టి ఆడించెను. ఆ లెక్క తప్పలేదు. కొడుకు ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచెను. కాని 2009లో ప్రచురించిన ఆత్మకథలో, తాను జీవితమంతయు ద్వేషించినది టెన్నిసునేయని అతడు లోకమునకు వెల్లడించెను. 1997లో అతని ర్యాంకు 141కి పడిపోయినది. అప్పుడు మరల పైకి లేవగలుగుటకు, ఈసారి ఆటను తానుగా ఎన్నుకొనుట, తాను స్థాపింపదలచిన పాఠశాల కొరకు ఆడుచున్నానను భావము కలుగుట కారణములని అతడే చెప్పుకొనెను. ఆట అదే, రాకెట్టు అదే, మారినది కర్తృత్వము. చక్కగా ఆచరించిన పరధర్మముకంటె గుణము తక్కువైనను స్వధర్మమే మేలని గీత చెప్పుటలోని యథార్థము ఇచ్చట ప్రత్యక్షమగుచున్నది. తండ్రి కోరిక ఎంత గొప్పదైనను కొడుకునకు అది పరధర్మమే.

దేహము మాటకు వత్తము. వ్యాయామమును వేనోళ్ళ పొగడిన మన ఆయుర్వేదాచార్యులే, బలవంతుడైనవాడును తన శక్తిలో సగము వరకే వ్యాయామము చేయవలెనని కట్టడి చేసిరి; మితిమీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహమువలె నశించునని హెచ్చరించిరి. పోటీక్రీడలకు ఈ సగము లెక్క యథాతథముగా పొసగకపోవచ్చును గాని, శక్తియంతయు వినియోగపడుటయే శ్రద్ధకు కొలమానమను నేటి భ్రమను అది ఖండించుచున్నది. బౌద్ధవాఙ్మయమున సోణుడను యువభిక్షువు వృత్తాంతము కలదు. సుకుమారముగా పెరిగిన శ్రీమంతుని బిడ్డ. రాజగృహసమీపమునందలి శీతవనమున అరికాళ్ళు చిట్లి నెత్తురోడునంతవరకు నడచుచు ధ్యానము చేసి, అయినను సిద్ధి కలుగక, ఇక ఇల్లుచేరి సుఖముగా నుండుటయే మేలని తలపోసెను. బుద్ధుడు వచ్చి వానిని మందలింపలేదు, పొగడలేదు. “నీవు ఇంటనున్నపుడు వీణ వాయించెడివాడవు గదా! తంత్రులు మితిమీరి బిగించినపుడు పలికినవా? మితిమీరి వదులైనపుడు పలికినవా?” అని అడిగెను. అతివీర్యము చాంచల్యమునకును, అల్పవీర్యము జాడ్యమునకును దారితీయునని, సమత్వమున నిలువవలెనని బోధించెను. ఆ గురువు సమాధానమును ఏ శాస్త్రమునుండియో తేలేదు. ఆ యువకుడు ఒకప్పుడు ప్రీతితో చేసిన పనినుండియే తీసెను. నేటి కోచులు నేర్వదగిన విద్య ఇది. అలసిన శిష్యుని తొలిప్రీతి ఏదియో ఎరుగనివాడు వానిని తిరిగి నిలబెట్టజాలడు. శాస్త్రవిధి లేక దేహమును కర్శింపజేయు ఘోరతపస్సును గీతయును ఆసురమనియే చెప్పినది.

ఇక తప్పుకొనుట ధర్మమా యను ప్రశ్న మిగిలినది. విల్లు క్రిందవైచి కూలబడిన అర్జునుని విషాదమును భగవానుడు క్లైబ్యమని గర్హించెను గదా. ఆ న్యాయము ఆటనడుమ విరమించినవారికిని వర్తింపదా? 2021లో టోక్యో ఒలింపిక్సులో అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ రెండున్నర మెలికలు తిరుగదలచి గాలిలోనికెగసి, ఒకటిన్నర మెలికతోనే దిగి, తన దేహము గాలిలో ఎచ్చటనున్నదో తనకు తెలియుటలేదని గ్రహించి జట్టు పోటీనుండి తప్పుకొనెను. అనేకులు దానిని పిరికితనమనిరి. అర్జునుడు వెనుదీసినది మోహముచేత. తానెవ్వరో, తన కర్తవ్యమేమో మరచుటచేత. ఈమె వెనుదీసినది తన స్థితిని యథార్థముగా ఎరుగుటచేత. మెడ విరుగగల అపాయమును ఎరిగియు ఎగిరియుండినయెడల దానిని ధైర్యమనుట సాధ్యము కాదు. బయటికి ఒక్క రీతిగా కనబడు రెండు విరమణములలో ఒకటి అవివేకము, మరియొకటి వివేకము. మూడేండ్లకు పారిస్‌లో ఆమె మూడు స్వర్ణములును ఒక రజతమును గెలిచినది. గెలువకపోయినను టోక్యోలో ఆమె చేసిన నిర్ణయము యుక్తమే అయియుండెడిది.

విరక్తియందును ఇట్టి భేదమే కలదు. తత్త్వజ్ఞానమువలన కలిగిన నిర్వేదము శాంతరసమునకు స్థాయి యగునని, దారిద్ర్యావమానాదులవలన కలిగినది వచ్చిపోవు సంచారి మాత్రమేయని అలంకారశాస్త్రము చెప్పును. ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆష్లీ బార్టీ జీవితమున రెండును కానవచ్చుచున్నవి. పద్దెనిమిదేండ్ల ప్రాయమున, 2014లో, నిరంతర ప్రయాణములతోను లోకుల ఆశలతోను విసిగి ఆమె టెన్నిసు విడిచి, కొంతకాలము క్రికెట్టు ఆడి, 2016లో తిరిగివచ్చెను. ఫ్రెంచ్, వింబుల్డన్, ఆస్ట్రేలియన్ టైటిళ్ళు గెలిచి, 2022 మార్చిలో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ప్రపంచమున ప్రథమస్థానముననుండగానే సంతృప్తితో రెండవసారి విరమించెను. మొదటి విరమణము సంచారి; దానికి కాలమిచ్చినవారుండుటచే అది గడచిపోయినది. కాలమియ్యక, అలసటను నేరముగా నెంచినయెడల, ఆ సంచారియే మనస్సున స్థిరపడిపోవును. పదునారేండ్ల పిల్లవాని విరక్తిని వైరాగ్యమని పొగడుటయు తప్పే, సోమరితనమని కొట్టిపారవేయుటయు తప్పే.

ఈ విచారమంతయు ఒక్క ప్రశ్నకు చేరుచున్నది: ఫలాపేక్ష యెవరిది? ఎనిమిదేండ్ల బాలునికి ర్యాంకింగు తెలియదు, కోటా తెలియదు, అకాడమీ ఫీజు కొరకు కుదువబెట్టిన నగల విలువ తెలియదు. ఆ లెక్కలను వాని నెత్తికెత్తినవారు పెద్దలు. భారతమున పదునారేండ్ల అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చుట తెలిసి వెడలుట తెలియనివాడు; ఆ సంగతిని దాచక చెప్పియు పెద్దల మాటపై ముందుకు సాగెను; వెంటనంటి వత్తుమన్నవారు సైంధవునిచే అడ్డగింపబడి వెలుపలనే నిలిచిరి. వాని వీరత్వమును మనము శతాబ్దులుగా పాడుకొనుచున్నాము గాని, ఆనాటి రాత్రి ధర్మజుడు పలికిన పశ్చాత్తాపవాక్యములను అంతగా తలపము. భోజనముననో వాహనములయందో శయ్యలయందో ఆభరణములయందో ముందుగా నిలుపదగిన పసివానిని యుద్ధమున ముందు నిలిపితిమని, జయలోభముచే తేనెను చూచితిమే గాని ప్రక్కనున్న లోయను చూడలేదని ఆయన విలపించెను. ఆ మాటలలో కౌరవుల నింద లేదు. విధి నింద లేదు. తమ కోరికయే బిడ్డను బలిగొన్నదను ఒప్పుకోలు మాత్రమే ఉన్నది.

కావున నిష్కామకర్మోపదేశమునకు మొదటి పాత్రుడు బాలుడు కాడు. వాని తల్లిదండ్రులు, కోచు, పతకముల లెక్కలు వ్రాసుకొను సంఘములు, గెలిచిననాడు పూలమాలతో వచ్చి ఓడిననాడు పేరు మరచు మనమందరము. బాలునికి ఉత్సాహము సహజముగా ఉన్నది. ఫలాసక్తి మననుండి సంక్రమించినది. సంక్రమింపజేసినవారే దానిని తీసివేయవలెను. పదునెనిమిది అధ్యాయములు బోధించిన పిమ్మట గీతాచార్యుడు శిష్యునితో చెప్పినదేమి? ఇదంతయు చక్కగా విమర్శించి నీకెట్లు ఇష్టమో అట్లు చేయుమనెను. సర్వజ్ఞుడైన గురువే చివరి నిర్ణయమును శిష్యునికి విడిచిపెట్టగా, ఒక బ్యాట్టు కొనియిచ్చి, ఒక ఫీజు కట్టి, ఆ నిర్ణయమును మనమే ఉంచుకొందుమనుట న్యాయమా?

పిల్లలను ఆటలకు పంపుచున్న తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ రాత్రి మీ బిడ్డను కూర్చుండబెట్టుకొని, “నీకు ఈ ఆట ఇంకను ఇష్టమేనా?” యని అడుగుడు, సమాధానము చెప్పుటకు వారము దినములు గడువిండు, ఆ వారములో స్కోరు మాట ఎత్తకుడు. ఇష్టమే యన్నచో ఎంత కఠినశిక్షకైనను పంపుడు, వాడు ఓర్చుకొనును. కొంతకాలము మానెదనన్నచో మాననిండు. “మానినను నీవు మా బిడ్డవే” యను మాట మనస్ఫూర్తిగా చెప్పలేనివారికి, “ఫలము కోరకుము” అని బిడ్డకు బోధించు అధికారము లేదు.